రెండు వేల మోకాళ్ళ అనుభవం

ఢిల్లీలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కొత్త సీజనుకి తయారవుతూ, సలహాదారుగా రమ్మని నన్ను పిలిపించుకుంది. రానూపోనూ ఏసీ ప్రయాణం, ఉండడానికి ప్రభుత్వ క్వార్టరు, మైదానానికి తీసుకెళ్ళడానికి వాహనం.

ఇలా మొదలుపెట్టాలని మూడు రోజులుగా ముచ్చటపడుతున్నాను. కానీ రాసింది ముందు మా ఆవిడ సుభద్ర చదువుతుంది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. మా బావమరిది సూర్యం ఢిల్లీలో ఒక కాలేజీకి ఆటల మాస్టారు. అతని భార్య లలిత కేంద్ర ప్రభుత్వోద్యోగి. సరోజినీ నగర్లో ఆవిడ పేరున క్వార్టరు ఉంది. జులై ఆఖర్లో ఆవిడకి వేరే ఊళ్ళో రెండు వారాల ట్రైనింగు పడింది. సరిగ్గా అప్పుడే క్వార్టరుకి వెల్ల వేసేవాళ్ళు వస్తామన్నారు.

"బావగారూ, పగలు ఇంట్లో మనిషి లేకపోతే వాళ్ళు తిరిగి వెళ్ళిపోతారు. మళ్ళీ ఎప్పుడొస్తారో దేవుడికే తెలియాలి. మీరెలాగూ ఖాళీయే కదా!" అని సూర్యం ఫోను చేశాడు.

ఆ 'ఖాళీయే కదా' నాకు గుచ్చుకుంది. అందుకని మర్నాడు పొద్దున్న తణుకు కాలవగట్టు మీద నాతో నడిచే మిత్రులకి 'సలహాదారు' అని చెప్పాను. టిక్కెట్టు నేనే కొనుక్కున్నాను. వాహనం అంటే సూర్యం స్కూటరు.

మంగళవారం పొద్దున్న ఐదింటికి తణుకులో బస్సెక్కి, ఎనిమిది దాటాక విజయవాడలో దిగాను. స్టేషను ఎదురుగా రెండిడ్లీ, ఒక పెసరట్టు తిన్నాను. ఢిల్లీ బండి పది గంటల పది నిమిషాలకి. థర్డ్ ఏసీలో కింది బెర్తు దొరికింది. ముసలివాళ్ళకి వెనకటి రాయితీ ఇప్పుడు లేదు, అది చూసుకుని బయల్దేరండి. ఇంకో సంగతి. జులై అని చెప్పి పల్చటి దుప్పటి తీసుకెళ్ళకండి. బయట నిప్పులు కురుస్తున్నా పెట్టెలో మాత్రం మాఘమాసమే.

సామాను రెండు సంచులు. ఒకదాన్లో నా బట్టలు, రెండోదాన్లో సుభద్ర కట్టిన సున్నుండలు, నూట ఇరవై. "మా తమ్ముడి పిల్లలకి" అంది. సూర్యానికి పిల్లల్లేరు. జట్టులో ఉన్న పాతికమందినీ వాళ్ళక్కాతమ్ముళ్ళిద్దరూ పిల్లలనే అంటారు. బస్సెక్కేముందు ఆవిడ ఇంకో మాట కూడా అంది. "మీ కోతలు మన జిల్లాలో కోసుకోండి. అక్కడికెళ్ళి మావాడి పరువు తియ్యకండి."

వరంగల్లులో ఎదురు బెర్తుకి ఒక నడివయసాయన వచ్చాడు. ముఖర్జీ నగర్లో కొడుకు కలెక్టరు పరీక్షకి చదువుతున్నాడట, గది మార్చడానికి వెళ్తున్నాడు. నా సంచివేపు చూసి, "ఎవరికండీ ఇన్ని?" అన్నాడు. "ఫుట్‌బాల్ టీముకి" అన్నాను. "మావాడూ ఏదో ఒకటి ఆడుకుంటే బాగుండేదండీ. మూడేళ్ళనుంచి కూర్చునే ఉన్నాడు" అన్నాడాయన. రెండు సున్నుండలు తీసి ఆయన చేతిలో పెట్టాను.

బుధవారం మధ్యాహ్నం మూడున్నరకి న్యూఢిల్లీలో దిగాను. దారి చెబుతాను, అవసరపడుతుంది. స్టేషను పక్కనే పచ్చగీత మెట్రో ఎక్కండి. పచ్చ అంటే మన పసుపుపచ్చ. ఐ.ఎన్.ఎ.లో దిగి గులాబీగీత ఎక్కితే పక్క స్టేషనే సరోజినీ నగర్. నేను ఎక్కగానే ఒక అమ్మాయి "బైఠియే అంకుల్" అని లేచి సీటిచ్చింది. నాకు డెబ్భై ఒకటి అని ఆ పిల్లకెలా తెలిసిందో! అరవై దాటినట్టు కనబడనని మిత్రులందరూ అంటారు. అందరూ అంటే ఒక్కడు. వాడికి శుక్లాలున్నాయి.

సూర్యం గుమ్మంలోనే ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఎండకి వేగి వేగి ఇనపచువ్వలా ఉంటాడు. "బావగారూ, రేపట్నించీ పొద్దున్న నాతో గ్రౌండుకి రండి. తొమ్మిదికల్లా ఇంటికొచ్చేస్తే వెల్లవాళ్ళ టైముకి సరిపోతుంది" అన్నాడు. ఇంట్లో అప్పుడే బీరువాలన్నీ నడిగదిలోకి జరిపేసి ఉన్నాయి. వాటి మధ్యన ఒక మడతమంచం. ప్రభుత్వ క్వార్టరులో నా విడిది అది.

గురువారం ఐదింటికి బయల్దేరాం. పదిహేను బంతులున్న వలసంచి నా ఒళ్ళో. ఎదురొచ్చేవాళ్ళకి నేను కనబడను. బంతుల గుట్ట ఒకటి చేతులు చాపి సూర్యం నడుం పట్టుకుని వస్తున్నట్టుంటుంది. కాలేజీ పేరు రాయనుగానీ, బేర్ సరాయ్ అనే పేట నుంచి నడిచి వెళ్ళేంత దూరం. మైదానం వెనక తుమ్మచెట్ల అడవి, అందులో నెమళ్ళు. ఢిల్లీలో నెమళ్ళేమిటని నేనూ అనుకున్నాను. అవి అరుస్తున్నంతసేపూ సూర్యం విజిల్ ఎవరికీ వినబడదు.

కుర్రాళ్ళు ఇరవై ఆరుగురు. వచ్చే వారం శనివారం ట్రయల్. అందులోంచి ఇరవై మందిని సీజనుకి తీసుకుంటాడు. అప్పటిదాకా రోజూ పరుగే. ఒక పెట్టెలోంచి కూత వస్తుంది. కూతకీ కూతకీ మధ్య ఇరవై మీటర్లు పరుగెత్తి గీత తొక్కాలి. పోనుపోను కూతలు దగ్గరపడతాయి. చివరిదాకా నిలబడేవాడు ఎప్పుడూ ఒక్కడే. బక్కగా, పొట్టిగా, చెమట కూడా పట్టని ఎడమకాలివాటం కుర్రాడు. జట్టు కెప్టెను, పేరు రిన్‌సాంగా, ఊరు మిజోరాం కొండల్లో ఎక్కడో. అందరూ రిన్ అంటారు.

పరుగయ్యాక కుర్రాళ్ళందరూ సున్నుండల చుట్టూ మూగారు. సోనీపత్ దగ్గర పల్లెటూరి కుర్రాడొకడు, సుమిత్, డిఫెన్సులో గోడలా నిలబడేవాడు, రెండు ఒకేసారి నోట్లో వేసుకుని, "తావూజీ, మీరేం చేస్తారు?" అన్నాడు. హర్యానా వాళ్ళకి తావూజీ అంటే పెదనాన్నగారు. గోల్‌కీపరు కార్తీక్ మన సరోజినీ నగర్ తెలుగువాళ్ళబ్బాయే. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. వాణ్ణి దుబాసీగా పెట్టుకుని చెప్పాను. "డాక్టర్ని. రిటైరయ్యాను. ముఖ్యంగా కీళ్ళు. ఈ చేతులమీదుగా రెండు వేల మోకాళ్ళు బాగుపడ్డాయి."

కార్తీక్ హిందీలో చెప్పాడు. కుర్రాళ్ళందరూ "అచ్ఛా!" అన్నారు. సూర్యం అవతల బంతులకి గాలి కొడుతున్నాడు, వినలేదు.

మీకు మాత్రం అబద్ధం చెప్పను. మోకాళ్ళ లెక్క తప్పుకాదు. కాకపోతే ఒక్కొక్క పేషెంటుకీ నాలుగేసి కాళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాను. కట్లు కట్టడం, మందు నూరడం, తోక పట్టుకోవడం నా పని. డాక్టరుగారు సెలవు పెట్టినప్పుడు మిగతాదీ నా పనే.

ఆ మర్నాటినుంచి ప్రాక్టీసు అవగానే నా ముందు చిన్న వరస కట్టేవారు. ఒకడికి పిక్క పట్టేసింది, ఒకడికి చీలమండ బెణికింది. మంచుగడ్డ పెట్టు, కాలు ఎత్తుమీద పెట్టుకో, రెండు రోజులు ఆగు అని చెప్పేవాణ్ణి. ఈ మూడు మాటలతో మనుషులూ గొడ్లూ కూడా సగంమంది బాగుపడతారు. "డాక్టర్ అంకుల్" అని పేరొచ్చింది. పేరొస్తే ఎంత బాగుంటుందో చెప్పలేను. చిన్నప్పటినుంచీ 'కాంపౌండరుగారబ్బాయి', ఆ తరవాత 'కాంపౌండరుగారు', ఇన్నాళ్ళకి ఢిల్లీలో డాక్టర్ని.

ఆదివారం ప్రాక్టీసు లేదు. బేర్ సరాయ్ చూడ్డానికెళ్ళాను. సరోజినీ నగర్ నుంచి ఆటో తొంభై రూపాయలు. బేరమాడితే ఎనభై, హిందీలో బేరమాడితే డెబ్భై. నాది తొంభై. సందు వెడల్పు ఇద్దరు మనుషులు, ఒక కుక్క. కింద పాత పుస్తకాల కొట్లు, మెస్సులు, పైన గూళ్ళలాంటి గదులు. రాజ్మా అన్నం తొంభై. మన చిక్కుడు గింజలకి పెద్దన్నలాంటిది రాజ్మా. మధ్యాహ్నం తింటే సాయంత్రందాకా అక్కడే ఉంటుంది.

సోమవారం ఒక సంగతి జరిగింది. సుమిత్ ఫోను పట్టుకుని మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఏమిట్రా అని కార్తీక్ చేత అడిగిస్తే, ఇంటిదగ్గర గేదె ఈని రెండు రోజులయిందట, పొద్దున్నించి లేవడం లేదట. నా నోరు ఊరుకుందా?

"చెవులు చల్లగా ఉన్నాయేమో అడుగు. మెడ పక్కకి తిప్పేసి పడుకుందా?"

వాడు అడిగి, "అవును తావూజీ, అచ్చం అలాగే" అన్నాడు.

"ఒంట్లో కాల్షియం పడిపోయింది. పశువుల డాక్టర్ని ఇప్పుడే పిలిచి నరంలోకి సీసా ఎక్కించమను. మధ్యాహ్నందాకా ఆగద్దు."

సాయంత్రానికి గేదె లేచి నిలబడింది. మర్నాడు సుమిత్ నా కాళ్ళకి దణ్ణం పెట్టి, లేస్తూ లేస్తూ అనుమానంగా చూశాడు. "తావూజీ, మనుషుల డాక్టర్లకి గేదె చెవుల సంగతి తెలుస్తుందా?"

"పెద్ద డాక్టర్లకి తెలుస్తుంది" అన్నాను.

ఆ మంగళవారమే మధ్యాహ్నం మూడింటికి, వెల్లవాళ్ళు వంటింట్లో గోడలు గోకుతుండగా తలుపు చప్పుడయింది. చూస్తే రిన్. చెప్పులు బయట విప్పి, లోపలికొచ్చి, బీరువాల మధ్య నా మంచమ్మీద కూర్చుని, ఎడమ మోకాలిమీద నుంచి పంట్లాం పైకి లాగాడు.

మా ఇద్దరి హిందీ ఒకే బరువు. నాకు క్రియలు రావు, వాడికి మిగతావి రావు. అందుకని మాకెప్పుడూ ఇబ్బంది కలగలేదు. జట్టంతా మా సంభాషణ వినడానికి చుట్టూ చేరి పడి పడి నవ్వేది.

"అంకుల్. మోకాలు. లోపల. టక్," అన్నాడు.

"ఎప్పుడు?"

"ఇంట్లో. సెలవులు. మ్యాచ్. ఇరవై రోజులు."

"సూర్యం సార్?"

"నహీ!" అని నా చెయ్యి పట్టుకున్నాడు. "సార్‌కి చెప్పద్దు. ఆడకపోతే సీటు పోతుంది. సీటు పోతే కాలేజీ లేదు, ఢిల్లీ లేదు. అమ్మ… " అని ఆగి, భుజం మీద బుట్ట మోస్తున్నట్టు చూపించి, కొండ ఎక్కుతున్నట్టు చూపించాడు. వాడు ఆటగాళ్ళ కోటాలో చేరినవాడు. ట్రయల్లో ఆడనివాడి సీటు తీసేస్తారని ఎప్పుడో సీనియర్లు చెప్పార్ట. అది గుండెలో పెట్టుకుని, ఆ మోకాలితోనే అందరికన్నా ముందు పరుగెత్తుతున్నాడు.

"శనివారం. ఒక్క శనివారం, అంకుల్. రెండు వేలు మోకాళ్ళు నువ్వు. ఇది ఒకటి."

మోకాలిమీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. చిప్ప పక్కల నీరు. మెల్లగా మడిచి చాపితే లోపల ఏదో అడ్డం పడి, తప్పుకుంది. నా వేళ్ళకి తెలిసింది. ఎద్దు మోకాలు అలా ఉంటే రైతుకి ఒక్కటే మాట చెప్పేవాణ్ణి. కాడి దించెయ్యి, ఈ వానలు వెళ్ళేదాకా కట్టకు.

ఆ మాటే వాడికీ చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే, "సరే, డాక్టరు సార్‌తో మీరే మాట్లాడండి" అంటాడు. అప్పుడు సూర్యం, "ఎవరు డాక్టరు?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నకి జడిసి, నువ్వులనూనెలో కర్పూరం కాచి మర్దనా చేశాను. కార్తీక్‌వాళ్ళ ఇంటి పక్క మందులకొట్లో కొన్న సాగే పట్టీతో బిగించి కట్టాను. "ఠీక్ హో జాయేగా" అన్నాను, తగ్గిపోతుందిలే అని. నాకొచ్చిన హిందీలో తప్పు లేకుండా అన్న వాక్యం అదొక్కటే.

రిన్ మొహం చూడాలి! బీరువా అద్దంలో చూసుకుంటూ రెండు గుంజీళ్ళు తీశాడు. బుధవారం, గురువారం ఇంకా జోరుగా పరుగెత్తాడు. గురువారం నాకోసం ఏదో మార్కెట్టుకెళ్ళి ఆవిరి మీద ఉడికించిన మోమోలు తెచ్చాడు. మాంసం లేనివి వెతికి వెతికి తెచ్చానన్నాడు. తిన్నాను. రుచి చెప్పలేను.

శుక్రవారం పొద్దున్న ఆరూ నలభైకి, కార్నరు నుంచి వచ్చిన బంతికోసం రిన్ గాల్లోకి లేచాడు. దిగడం ఎడమకాలిమీద దిగాడు. కాలు మడత పడినచోటే బిగుసుకుపోయింది. గడ్డిమీద పడ్డాడు. సూర్యం అవతలి గోలు దగ్గర ఉన్నాడు. కుర్రాళ్ళు బంతివెంట వెళ్ళిపోయారు. నేనొక్కణ్ణే చూశాను. రిన్ రెండు చేతులతో మోకాలు పట్టుకుని, అటూ ఇటూ కుదిపి, విడిపించుకుని లేచాడు. నావేపు చూశాడు. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఐనా నవ్వి, బొటనవేలు ఎత్తి చూపించాడు. మీ కట్టు బ్రహ్మాండంగా ఉంది, డాక్టరుగారూ అన్నట్టు.

జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. ఆ బొటనవేలంత తిట్టు ఎవరూ తిట్టలేదు.

తొమ్మిదింటికి ఇంటికొచ్చాం. సూర్యం టీ పెడుతున్నాడు. "సూర్యం, నీ పిల్లలకి నేను డాక్టర్నని చెప్పాను" అన్నాను.

వాడు నవ్వాడు. "తెలుసు బావగారూ. కార్తీక్ చెప్పాడు. అక్క పెళ్ళిచూపుల్లో మా నాన్నగారికి కూడా అలాగే చెప్పారుగా! పోనీలే, ముసలాయన సరదా అని ఊరుకున్నాను."

"రిన్ మోకాలు లోపల తెగినట్టుంది. మూడు రోజులుగా నాకు తెలుసు. కట్టు కట్టి ఆడిస్తున్నాను."

నవ్వు ఆగిపోయింది. స్టవ్ కట్టేశాడు. తరవాత, "మీరు నాకు పెద్దవారు. లేకపోతే ఏమనేవాణ్ణో నాకే తెలీదు" అన్నాడు మెల్లగా. "వాడు నడవలేకపోతే ఆ తల్లికి నేనేం చెప్పను బావగారూ? లేవండి. స్కూటరెక్కండి."

వెల్లవాళ్ళు అప్పుడే నిచ్చెన పట్టుకుని వచ్చారు. తాళం వాళ్ళ చేతికే ఇచ్చేసి వెళ్ళాం. నన్ను ఏ పనికి పిలిపించాడో ఆ పని కూడా అక్కడితో సరి.

బేర్ సరాయ్‌లో రిన్, సుమిత్ ఒకే గది, మూడో అంతస్తు. మెట్లు నిలువునా ఉన్నాయి. ఆ మెట్లు రోజుకి నాలుగుసార్లు ఆ మోకాలితో ఎక్కాడు. రిన్ మంచమ్మీద కాలు చాపుకుని ఉన్నాడు. సూర్యాన్ని చూసి చటుక్కున దుప్పటి లాక్కున్నాడు. నావేపు చూసేసరికి వాడికి అర్థమైపోయింది.

"నేను చెప్పాను" అన్నాను, నా హిందీలోనే. సూర్యం సాయం రాబోతే వద్దన్నాను. "ఇంకోటి. నేను డాక్టరు కాదు. కాంపౌండరు. మనుషులు కాదు. ఆవులు, ఎద్దులు, గేదెలు. రెండు వేలు మోకాళ్ళు, అన్నీ వాటివే."

"నేను గేదె లేచినరోజే అనుకున్నాను" అన్నాడు సుమిత్ మూలనుంచి. ఎవరూ నవ్వలేదు.

రిన్ వంగి, మోకాలి పట్టీ మెల్లగా విప్పాడు. చుట్ట చుట్టాడు. నా చేతిలో పెట్టాడు. "నీది" అన్నాడు. అంతే. తరవాత సూర్యంవేపు తిరిగి, "సార్, సీటు?" అన్నాడు.

"ఆడనివాడి సీటు తీసేస్తారని నీకెవడు చెప్పాడు?"

"సీనియర్లు."

"ఏ సీనియరు? సీటు పోయింది ఒక్కడికే. వాడు రెండేళ్ళు ప్రాక్టీసు ఎగ్గొట్టి సినిమాలకి తిరిగాడు, వాడి మీద ఆఫీసుకి రాశాను. దెబ్బ తగిలినవాడి మీద నేనెందుకు రాస్తాను? డాక్టరు కాయితం ఫైల్లో పెడతాం, నువ్వు జట్టులోనే ఉంటావు. ఒక్కమాట నన్నడిగితే ఏం పోయింది?"

"అడిగితే తెలిసిపోతుంది, సార్" అన్నాడు రిన్. సూర్యం వాడి తలమీద చెయ్యి వేసి, మొహం కిటికీవేపు తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎముకల డాక్టరు దగ్గర రెండున్నర గంటలు కూర్చున్నాం. నిజమైన డాక్టరు. వేళ్ళతో నేను చూసినచోటే చూశాడు. "ఇరవై రోజులా? పరుగెత్తుతూనా?" అని స్కానింగు రాశాడు. ఎదురు బెంచీమీద నేనూ రిన్ పక్కపక్కనే కూర్చున్నాం. మా ఇద్దరి హిందీకి ఎప్పుడూ మాటలు తక్కువ పడలేదు, ఆరోజు పూర్తిగా నిండుకున్నాయి.

శనివారం ఆరింటికి ట్రయల్. ఈ కాలేజీలో సూర్యం పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. ట్రయల్ రోజున అందరూ పోయినేడు జెర్సీలు తిరగేసి వేసుకుంటారు. నంబర్లు లోపలికి పోతాయి, కుట్లు పైకొస్తాయి. పోయినేడు నువ్వెవరివో నాకనవసరం, ఈ గంటన్నరలో ఎవరివో చూపించు అని దానర్థం. పేరు చదివాక జెర్సీ తిప్పి వేసుకోవాలి. రిన్ కూడా తిరగేసిన జెర్సీతో బెంచీమీద కూర్చున్నాడు. నేను అదే బెంచీ చివర.

మొదటి పావుగంట వాడు నేల చూస్తూనే ఉన్నాడు. తన స్థానంలో ఆడుతున్న మొదటేడాది కుర్రాడు బంతి పోగొట్టుకున్నప్పుడల్లా మాత్రం వాడి కుడిపాదం గడ్డిని తంతోంది. మూడోసారికి ఉండబట్టలేక లేచి, వాళ్ళ భాషా హిందీ కలిపి ఏదో కేకేశాడు. ఆ కుర్రాడు గీత పక్కకి జరిగాడు. బంతి కాలికి తగులుకుంది. ఆ తరవాత రిన్ కూర్చోలేదు. మైదానం అంచున కుంటుకుంటూ, గంటన్నరా ఆడాడు, నోటితో.

సూర్యం జాబితా తీశాడు. మొదటి పేరు రిన్‌సాంగాదే. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు జెర్సీ తిప్పలేదు. బొమ్మలా నిలబడ్డాడు. "సార్ జాలిపడి చదివాడనుకుంటున్నాడు వెధవ" అని సుమిత్ గబగబా వచ్చి, వాడి జెర్సీ తలమీదనుంచి లాగేసి, తిరగదిప్పి, చిన్నపిల్లాడికి తొడిగినట్టు తొడిగాడు. వీపుమీద పదకొండు. అప్పుడేడ్చాడు వాడు. మిగతా పాతికమందీ వాణ్ణి పట్టుకుని ఊపేస్తుంటే, మోకాలు జాగ్రత్త, మోకాలు జాగ్రత్త అని సూర్యం అరుస్తున్నాడు. నెమళ్ళు అరుస్తున్నాయి. నేను బెంచీమీదే ఉన్నాను. నావేపు వాడు చూడలేదు, చూడాలని నేనూ అనుకోలేదు. అనుకున్నాను.

స్కానింగులో మోకాలి లోపలి మెత్తటి ఎముక చిరిగిందని తేలింది. చిన్న ఆపరేషను, రెండు నెలల విశ్రాంతి. సీజను మొదట్లో ఆడలేడు. చివర్లో ఆడచ్చు, ఆడలేకపోవచ్చు. శనివారం ఆడి ఉంటే ఏమయ్యేదని అడిగితే, ఆ డాక్టరు నావేపు చూసి, "అడగకండి" అన్నాడు.

సోమవారం తిరుగుప్రయాణం. వెల్ల మూడు గదులకి వేశారు. వరండా మిగిలిపోయింది. ఆ శుక్రవారం అడిగేవాడు లేక వదిలేశారట. లలితకి ఏం చెప్పాలో సూర్యం చూసుకుంటాడు. ఫోనులో సుభద్రకి అంతా చెప్పాను. విని, "ఆ పిల్లాడికి ఏం తినడం ఇష్టమో కనుక్కున్నారా?" అంది. కనుక్కోలేదు.

సూర్యానికి కాలేజీ ఉంది కాబట్టి సుమిత్ సంచి పట్టుకుని తోడొచ్చాడు. పదింబావుకి న్యూఢిల్లీ చేరాం. బండి పదకొండుకి. ప్లాట్‌ఫారం దాకా లిఫ్టుంది, మెట్లెక్కి ఆయాసపడకండి. లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా బెంచీమీద, మోకాలికి నల్లటి తొడుగుతో రిన్.

"ఎందుకొచ్చావు? డాక్టరు నడవద్దన్నాడు కదా!" అని కేకలేశాను. నా హిందీలో అది ఎలా వినబడిందో గానీ, సుమిత్ నవ్వాపుకోలేక నీళ్ళసీసా కొనడానికి వెళ్ళిపోయాడు.

రిన్ కాస్సేపు పట్టాలవేపు చూశాడు. "అంకుల్. ఆవులు. నువ్వు దగ్గరికి వెళ్తే, నమ్మేవా?"

"లేదు."

"ఏం చేసేవి?"

"తన్నేవి."

వాడు దీర్ఘంగా ఆలోచించాడు. బెంచీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. బరువంతా చేతులమీద వేసి, కుడికాలితో, బూటు కొనతో, నా పిక్కమీద మెత్తగా ఒక్కటి తన్నాడు. మొహంలో నవ్వు లేదు. మళ్ళీ కూర్చుని, పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. బండి వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

ఇది మథుర దాటాక రాస్తున్నాను. ఢిల్లీ నాకు బాగా నచ్చింది. కోటలూ గోపురాలూ ఏవీ చూడలేదు, వాటికి మీరెలాగూ వెళ్తారు. జులై, ఆగస్టుల్లో వెళ్తే పొద్దున్న ఐదున్నరకి ఏదైనా కాలేజీ మైదానం గోడవారగా కాస్సేపు నిలబడండి. కూతకీ కూతకీ మధ్య పిల్లలు పరుగెడుతుంటారు. పెద్దగా కుంటేవాళ్ళని చూడక్కర్లేదు, వాళ్ళని అందరూ చూస్తారు. అందరికన్నా ముందున్నవాడి కాళ్ళు ఒకసారి చూడండి.

ఇంటికెళ్ళాక కాలవగట్టు మీద మిత్రులకి, ఆ తన్నుకి పిక్క నల్లగా కమిలి వారం రోజులు నడవలేకపోయానని చెబుతాను. కమల్లేదు. ఇందాకటినుంచి రెండుసార్లు పంచె తొలగించి చూసుకున్నాను. కమిలినా బాగుండేది.